హర్ దఫా మైదానంలో ఉండేవాడు



ఈసారి అమెరికావాళ్ల ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. రిటైరైన సోషల్ మాస్టారుకి, అదీ కర్నూలువాడికి, ఆ ఆటతో ఏం వాస్తా అని మీరు నవ్వుకోవచ్చు. మొదట నేనూ నవ్వుకున్నాను. పోయినేడు డాలస్ పక్కన మా బేటీ ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. మా నవాసా ఏడో తరగతి, స్కూలు టీములో ఆడతాడు. ఆ ఊళ్లలో ఫుట్‌బాల్ అంటే మనకు క్రికెట్ కంటే ఎక్కువే. శుక్రవారం రాత్రి హైస్కూలు మ్యాచుకి ఊరు ఊరంతా కదిలిపోతుంది. మావాడి మ్యాచ్‌లు అంత పెద్దవి కాదు. అయినా మడత కుర్చీ పట్టుకుని, శాలువా కప్పుకుని ప్రతి మ్యాచుకీ వెళ్లాను.

నాలుగైదు మ్యాచ్‌లు చూశాక ఒక సంగతి నజర్‌లో పడింది. మొదటి దఫా మావాడు మైదానంలో ఉంటాడు. రెండో దఫా ఉంటాడు. మూడో దఫా రాగానే కోచ్ చెయ్యి ఊపుతాడు, మావాడు బయటికి పరుగెత్తుకొస్తాడు, ఇంకో పిల్లోడు లోపలికి వెళ్తాడు. ప్రతిసారీ ఇంతే. ఒకరోజు కారులో నోరు విప్పకుండా కూర్చున్నాడు. రాత్రి భోజనాలయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేస్తుంటే నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు: "నానా, నేను సగం ప్లేయర్‌నా?"

ఆ సవాల్‌కి ఆ రాత్రి నా దగ్గర జవాబ్ లేదు. జవాబ్ వెతుక్కుంటూ మా దామాద్‌ని విసిగించి, పాత మ్యాచ్‌లు చూసి, పాత లెక్కలు చదివి, చివరికి నాకంటూ ఒక రాయ్ ఏర్పడింది. అది మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆట గురించి కాస్త. ఒక్కో టీముకి 11 మంది. బంతి చేతిలో ఉన్న టీముకి నాలుగు దఫాలు ఇస్తారు. ఒక్కో దఫాని వాళ్లు 'డౌన్' అంటారు. నాలుగు దఫాల్లో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు దఫాలు దొరుకుతాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్లది. నాలుగో దఫాలో చాలాసార్లు బంతిని దూరంగా తన్నేస్తారు. కాబట్టి అసలు ఇంతెహాన్ మూడో దఫాలోనే.

మావాడు రన్నింగ్ బ్యాక్. మొదటి రెండు దఫాల్లో అతని పని సీదా సాదా: బంతి పొట్టకు అదుముకుని సందు దొరికినచోట దూరిపోవడం. మూడో దఫాలో ఇంకా ఏడెనిమిది గజాలు మిగిలి ఉంటే క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరాల్సిందే. అప్పుడు రన్నింగ్ బ్యాక్‌కి పని మారిపోతుంది. ముందుకు ఉరికి గాలిలో వచ్చే బంతిని పట్టాలి. లేదా క్వార్టర్‌బ్యాక్ పక్కనే నిలబడి, అతని మీదికి దూకేవాణ్ణి ఆపాలి. ఎవడు దూకుతాడో బంతి కదలకముందే పసిగట్టాలి. తనకంటే బరువైనవాడికి ఎదురెళ్లి ఢీకొట్టాలి. దీనికి చప్పట్లు ఉండవు. తప్పితే మాత్రం క్వార్టర్‌బ్యాక్ కింద పడతాడు, కొన్నిసార్లు ఆస్పత్రికి పోతాడు. అందుకే పెద్ద లీగులో కూడా కొత్త కుర్రాళ్లను మూడో దఫాలో నమ్మి లోపల ఉంచరు.

పరుగు, పట్టు, కాపలా. ఈ మూడూ తెలిసి ఏ దఫాలోనూ బయటికి రాని ఆటగాణ్ణి 'త్రీ డౌన్ బ్యాక్' అంటారు. డిఫెన్సులో కూడా ఇదే కథ. అవతలివాళ్లు బంతి విసురుతారని తెలియగానే బరువైన లైన్‌బ్యాకర్‌ని తీసేసి, ఉరకగలిగే సన్నటివాణ్ణి దింపుతారు. శాన్ ఫ్రాన్సిస్కో టీములో ఫ్రెడ్ వార్నర్ లాంటివాడు ఎవరైనా ఉంటేనే ఆ మార్పు అక్కర్లేదు. పరుగెత్తేవాణ్ణి పడగొట్టడమూ అతనే, పాస్‌ని అడ్డుకోవడమూ అతనే. అలాంటివాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకు ఇంత తక్కువమంది? ఎవరిని అడిగినా ఒకే జవాబ్ చెప్పారు: "ఆ జమానా వేరు, ఆ మనుషులు వేరు." చక్ బెడ్నరిక్ పేరు చెప్తారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆటగాడు. 1960 డిసెంబర్ 26న గ్రీన్ బేతో ఫైనల్. అప్పటికి అతనికి 35 ఏళ్లు. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు సెంటర్‌గా, అవతలివాళ్ల చేతికి పోగానే లైన్‌బ్యాకర్‌గా, 60 నిమిషాల ఆటలో 58 నిమిషాలు మైదానంలోనే ఉన్నాడు. ఆఖరి క్షణాల్లో గెలుపుగీత వైపు దూసుకొస్తున్న జిమ్ టేలర్‌ని పడగొట్టి, టైం అయిపోయేదాకా లేవనివ్వలేదు. 17-13తో ఫిలడెల్ఫియా గెలిచింది. ఈ మనిషి సీజన్ లేనప్పుడు కాంక్రీటు అమ్ముకుని సంసారం నడిపినవాడు. 'కాంక్రీట్ చార్లీ' అన్న పేరు అలా వచ్చింది. ఇంకా వెనక్కి పోతే శామీ బా. 1943లో లీగు మొత్తం మీద ఎక్కువ పాసులు సహీగా అందించినవాడూ అతనే, బంతిని అందరికంటే దూరం తన్నినవాడూ అతనే, అవతలివాళ్ల పాసుల్ని ఎక్కువసార్లు లాక్కున్నవాడూ అతనే.

వింటే ఎవరికైనా మాషా అల్లాహ్ అనిపిస్తుంది. కానీ "ఆ మనుషులు వేరు" అన్న మాట దగ్గర నాకు ఇత్తెఫాఖ్ లేదు. మనుషులు వేరు కాదు, ఖాయిదా వేరు. 1943కి ముందు ఆటగాళ్లను ఇష్టమొచ్చినప్పుడు మార్చడానికి వీల్లేదు. లోపల ఉన్న 11 మందే దాడి చెయ్యాలి, వాళ్లే కాపాడాలి. రెండో ప్రపంచయుద్ధంలో ఆటగాళ్లు ఫౌజుకి పోయి మనుషులు కరువయ్యారు. 1943లో ఎవరినైనా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని లీగు ఇజాజత్ ఇచ్చింది. యుద్ధం అయిపోయాక మళ్లీ బిగించారు. 1950లో ఆ తలుపు శాశ్వతంగా తెరిచేశారు. ఇక దాడికి ఒక జట్టు, కాపలాకి ఒక జట్టు, తన్నడానికి వేరే మనుషులు. 1978లో రిసీవర్‌ని ఐదు గజాల అవతల పట్టి తొయ్యకూడదని ఖాయిదా పెట్టేసరికి బంతి విసరడం ఇంకా పెరిగింది. విసరడం పెరిగేకొద్దీ మూడో దఫాకి ప్రత్యేకం మనుషులు పుట్టుకొచ్చారు. ఈరోజు ఒక్కో టీములో 53 మంది. కోచ్‌కి అన్ని పనులూ వచ్చినవాడు అవసరం లేదు. ఒక్కో పనికి ఒక్కొక్కడు చాలు.

నాకిది కొత్త కథ కాదు. మా అబ్బా దర్జీ. కర్నూలు పాతబస్తీలో చిన్న దుకాణం. కొలతలు తనే తీసుకునేవాడు, కటింగ్ తనే, మిషన్ తనే, కాజాలు చేత్తో తనే, ఆఖర్న ఇస్త్రీ కూడా తనే. మా తమ్ముడు బెంగళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పదేళ్లు కాలర్లు కుట్టాడు. కాలర్లే. వాడు కుట్టిన కాలర్ అబ్బా కాలర్ కంటే నీటుగా ఉండేదని అబ్బానే ఒప్పుకున్నాడు. కానీ పదేళ్ల తర్వాత ఇంటికొచ్చి దుకాణం తీద్దామంటే చొక్కా మొత్తం కుట్టడం వాడికి రాదు. అబ్బాకి అల్లాహ్ ఎక్కువ హునర్ ఇచ్చి తమ్ముడికి తక్కువ ఇచ్చాడా? కాదు. అబ్బా దుకాణం అన్ని పనులూ అడిగింది. తమ్ముడి ఫ్యాక్టరీ ఒక్క పనే అడిగింది. మనిషి ఏది అడిగితే అదే నేర్చుకుంటాడు.

కాబట్టి నా మొదటి మాట ఇది: అన్ని దఫాల ఆటగాడు అరుదైపోయింది తాఖత్ తగ్గి కాదు, అతన్ని తయారుచేసే అవసరమే ఆటలో లేకుండా పోయి.

రెండో మాట మజ్దూరీ గురించి. నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించిన సంగతి.

డాలస్‌లో ఎవరి ఇంటికి పోయినా ఎమిట్ స్మిత్ పేరు వినబడుతుంది. పరుగులో 18,355 గజాలు, ఇప్పటికీ ఎవరూ దాటని లెక్క. పట్టడం వచ్చు, క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాయడం ఇంకా బాగా వచ్చు. 1993లో జీతం దగ్గర టీముతో తేడా వచ్చి మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. అతను లేని ఆ రెండూ డాలస్ ఓడిపోయింది. ఓనరు దిగొచ్చాడు, స్మిత్ తిరిగొచ్చాడు. ఆ సీజన్ ఆఖరి మ్యాచ్ 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్‌తో. సగం ఆట కాకముందే అతని భుజం కీలు ఊడినంత పనయింది. అయినా బయటికి రాలేదు. 32 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తాడు, 10 పాసులు పట్టాడు, డాలస్ 16-13తో గెలిచింది. ఆ మ్యాచ్ చూస్తుంటే మా దామాద్ కళ్లలో నీళ్లు. నాకు మాత్రం ఆ రెండు మ్యాచ్‌లే గుర్తొస్తున్నాయి. ఇలాంటి మనిషి కూడా తన ఖదర్ తెలియజెయ్యడానికి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది.

పాతికేళ్ల తర్వాత లెవియాన్ బెల్ అదే చేశాడు, అతని విషయంలో కథ తిరగబడింది. పిట్స్‌బర్గ్ టీము. 2017లో 1,291 గజాలు పరుగు, దానికి తోడు 85 పాసులు పట్టాడు. లీగులో ఒక ఖాయిదా ఉంది. కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ణి కూడా ఒక ఏడాదికి లెక్క కట్టిన జీతమిచ్చి టీము ఆపుకోవచ్చు. ఆ లెక్క రన్నింగ్ బ్యాక్ జాగాకి కడతారు. బెల్ అడిగింది సీదా సవాల్: "నేను పరుగెత్తేవాడి పనీ చేస్తున్నాను, పట్టేవాడి పనీ చేస్తున్నాను. మరి మజ్దూరీ ఒక్కడిదేనా?" సుమారు 1.45 కోట్ల డాలర్లు వదులుకుని 2018 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. అతని జాగాలో జేమ్స్ కానర్ వచ్చి బాగానే ఆడాడు. మరుసటి ఏడాది బెల్‌కి న్యూయార్క్‌లో కాంట్రాక్టు దొరికింది గానీ మునుపటి ఆట మళ్లీ కనబడలేదు.

"కోట్లు తీసుకునేవాళ్ల గురించి మనకెందుకు రంజ్?" అని అడుగుతారు, నాకు తెలుసు. నేనూ వాళ్లను గరీబులు అనడం లేదు. కానీ ఇన్సాఫ్ సవాల్ లక్షకైనా కోటికైనా ఒకటే. మా అబ్బాకి ఒక చొక్కాకి కుట్టుకూలీ ఇచ్చేవాళ్లు. కొలతకు వేరే లేదు, కాజాకు వేరే లేదు, ఇస్త్రీకి వేరే లేదు. "మాస్టర్, మీరు అన్నీ చేస్తారు కదా" అని మెచ్చుకునేవాళ్లు. ఆ తారీఫ్‌తో ఇంట్లో పొయ్యి వెలగలేదు. అన్నీ చేసేవాణ్ణి మనం నోటితో పొగుడుతాం, లెక్కలో మాత్రం ఒక్కడిగానే రాసుకుంటాం.

ఇక మూడోది బదన్ సంగతి. ఇక్కడ అవతలివాళ్ల మాటలో కూడా సచ్చాయీ ఉంది, అది దాచడం బేఇమానీ అవుతుంది. ఒకే సీజన్‌లో పరుగులో వెయ్యి గజాలు, పట్టిన పాసుల్లో వెయ్యి గజాలు దాటినవాళ్లు లీగు మొదటి నూరేళ్లలో ముగ్గురే. 1985లో రోజర్ క్రెయిగ్, 1999లో మార్షల్ ఫాల్క్, 2019లో క్రిస్టియన్ మెకాఫ్రీ. ఆ 2019లో మెకాఫ్రీ 116 పాసులు పట్టాడు. బంతి చేతికిచ్చినా అతనికే, విసిరినా అతనికే. మర్నాటి ఏప్రిల్‌లో నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ 2020లో అతను ఆడగలిగింది మూడు మ్యాచ్‌లు. 2021లో ఏడు. టీము మారి, 2023లో శాన్ ఫ్రాన్సిస్కో తరఫున 1,459 గజాలు పరుగెత్తి ఆ ఏడాది దాడిలో మేటి ఆటగాడిగా ఇనామ్ అందుకున్నాడు. 2024లో మళ్లీ నాలుగే మ్యాచ్‌లు. ఒళ్లు ఒళ్లే కదా, ఇనుము కాదు.

దీనికి ఉల్టా డెట్రాయిట్ టీముని చూడండి. 2023లో డేవిడ్ మాంట్‌గమరీ, జహ్మీర్ గిబ్స్ ఇద్దరూ ఒకే పనిని పంచుకున్నారు. ఒకతను 13 సార్లు, ఇంకొకతను 10 సార్లు బంతితో గెలుపుగీత దాటారు. ఇద్దరూ నిలబడ్డారు. కోచ్‌లు పని పంచడంలో రహమ్ కూడా ఉందని దీన్ని బట్టి ఒప్పుకోవాలి.

ఇప్పటి కుర్రాడు ట్రావిస్ హంటర్. కొలరాడోలో చదువుకుంటూ దాడిలో రిసీవర్, డిఫెన్సులో కార్నర్‌బ్యాక్. 2024లో కాలేజీ ఆటలో అన్నిటికంటే పెద్ద ఇనామ్ హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. పాసులు పట్టడంలో మేటికి ఇచ్చే ఇనామ్ అతనిదే, డిఫెన్సులో మేటికి ఇచ్చే ఇనామ్ కూడా అతనిదే. ఆ రెండోదాని పేరే బెడ్నరిక్ అవార్డు. 2025లో జాక్సన్‌విల్ టీము రెండో నంబరు మీద అతన్ని తీసుకుంది, రెండు పనులూ చేయిస్తామంది. ఏడు మ్యాచ్‌లు ఆడాడు. అక్టోబర్ చివర ప్రాక్టీసులో మోకాలు దెబ్బతిని ఆ సీజన్ అంతటితో ఆగిపోయింది. మర్నాడే "మేం ముందే చెప్పాం, ఒక్కటి ఎంచుకోమని" అన్నవాళ్లు బయల్దేరారు. ఒక్క పనే చేసేవాళ్ల మోకాళ్లు కూడా ప్రతి వారం దెబ్బతింటున్నాయి. వాళ్లకు ఎవరూ ఈ నసీహత్ చెప్పరు.

మరి నేను మా నవాసాకి ఏం చెప్పాను?

మొదట ఒక పేరు చెప్పాను: అమీర్ అబ్దుల్లా. అలబామాలో తొమ్మిదిమంది పిల్లల ఇంట్లో ఆఖరివాడు, మనలాంటి నమాజీ కుటుంబం. నెబ్రాస్కా కాలేజీలో పేరు తెచ్చుకుని 2015లో డెట్రాయిట్‌కి ఎంపికయ్యాడు. అన్ని దఫాల బ్యాక్ అవుతాడని ఆశపడ్డారు, అవలేదు. చాలామంది కథ అక్కడితో ఖతం. అతను మాత్రం కాపలా నేర్చుకున్నాడు, పాసులు పట్టడం నేర్చుకున్నాడు, తన్నిన బంతిని వెనక్కి తెచ్చే పని చేశాడు, ఎవరూ చూడని స్పెషల్ టీముల్లో ఉరికాడు. రన్నింగ్ బ్యాకులు నాలుగైదేళ్లకే కనబడకుండా పోయే లీగులో పదేళ్లు నిలిచాడు. అతన్ని ఎక్కువగా పిలిచింది ఏ దఫాలోనో తెలుసా? మావాణ్ణి బయటికి తోలే ఆ మూడో దఫాలోనే.

"కాబట్టి నువ్వు సగం ప్లేయర్‌వి కాదు బేటా. నేర్చుకోవాల్సిన పాఠం ఒకటి మిగిలింది, అంతే" అన్నాను. మర్నాటి నుంచి అసర్ తర్వాత పెరట్లో నేను సోఫా దిండు పట్టుకుని నిలబడేవాణ్ణి. దామాద్ ఎటునుంచి దూకుతాడో చెప్పకుండా దూకేవాడు. చిన్నోడు పసిగట్టి అడ్డుపడాలి. మొదటి వారం నేనే రెండుసార్లు గడ్డిలో పడ్డాను. మా బేటీ అరిచింది, "అబ్బా, అరవై ఆరేళ్లు మీకు!" అని.

సీజన్ ఆఖరి మ్యాచ్‌లో ఒక్క మూడో దఫాకి కోచ్ చెయ్యి ఊపలేదు. మావాడు లోపలే ఉన్నాడు. పక్కనుంచి దూకినవాణ్ణి ఆపి ఇద్దరూ కింద పడ్డారు. పాస్ పోయింది, ఎవరో పట్టారు, చప్పట్లన్నీ అతనికే. మావాడు లేచి నా కుర్చీ వైపు చూశాడు.

నా రాయ్ ఖులాసాగా ఇది. ఏడో తరగతి పిల్లోడికి "నువ్వు ఈ ఒక్కదానికే" అని ముద్ర వెయ్యడం గలత్. ఒంటి మీద బరువు తగ్గించడానికి మ్యాచ్‌లో పని పంచండి, తప్పులేదు. ప్రాక్టీసులో మాత్రం అన్ని పనులూ నేర్పండి. టెక్సస్ చిన్న ఊళ్లలో పిల్లలు చాలక ఆరుగురితోనే ఆడే ఫుట్‌బాల్ ఇప్పటికీ ఉంది. అక్కడి పిల్లలు దాడీ చేస్తారు, కాపలా కూడా కాస్తారు. వాళ్ల తాలీమ్‌లో ఉన్న బర్కత్ పెద్ద స్కూళ్ల పిల్లలకు ఎందుకు అందకూడదు? ఇక పెద్దయ్యాక నిజంగా అన్నీ చేసేవాడు తయారైతే అతనికి రెండు హఖ్‌లు ఇవ్వాలి: చేసిన ప్రతి పనికీ లెక్క, అలసిన ఒంటికి విశ్రాంతి. ఈ రెండూ ఇవ్వకుండా "ఇలాంటివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు" అని నిట్టూర్చే హఖ్ ఎవరికీ లేదు.

ఈ మాట మన ఇళ్లకు కూడా వర్తిస్తుందా అని మీరే ఆలోచించండి. నేనైతే తిరిగొచ్చాక మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి, అబ్బా కత్తెర వాడి చేతికిచ్చాను. యాభై ఎనిమిదేళ్లకు కటింగ్ నేర్చుకుంటున్నాడు. మొదటి చొక్కా నాకే కుట్టాడు. భుజాలు కాస్త వదులు. కాలర్ మాత్రం బేమిసాల్.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.